నెట్ లేకున్నా... పేజీ మీదే!

‘‘ఒరే చిన్నోడా, నువ్వు కొనిచ్చిన పలకలో అక్క పేజీలు చూపించరా. నాన్న ఉత్తరాలున్నాయిగా అందులో!’’

పోయిన నెల ఊరెళ్లినప్పుడు అమ్మ అడిగిన మాట ఇది. పలక అంటే ట్యాబ్. అక్క పేజీలంటే ఏమిటో మీకు కాస్త చెప్పాలి.

2003లో పెళ్లయి డల్లాస్ వెళ్లింది అక్క. వీడియో కాల్ అన్న మాట మా ఇంటికి ఇంకా రాని రోజులవి. కాలింగ్ కార్డు కొని ఆదివారం పూట పది నిమిషాలు మాట్లాడితే అదే పండగ. నాన్న మాత్రం నెలకో ఉత్తరం రాసేవారు. అక్క ఆ ఉత్తరాల్ని ఓపిగ్గా తెలుగులో టైపు చేసి, మేనల్లుడి ఫొటోలు జోడించి, ఉచితంగా పేజీలు పెట్టుకోనిచ్చే ఓ సైట్లో ఉంచేది. చుట్టాలందరూ చూసుకుని మురిసిపోయేవాళ్లు. 2006లో ఓరోజు నాన్న పాలకొల్లులోని నెట్ సెంటర్‌కు వెళ్లి, అక్కడి కుర్రాడి చేత ఆ పేజీలన్నీ సీడీలోకి ఎక్కించుకొచ్చారు. దాని మీద స్కెచ్ పెన్నుతో ‘అమ్మాయి పేజీలు’ అని రాసి బీరువాలో పెట్టారు. ‘‘నెట్లో ఉన్నాయిగా, మళ్లీ ఈ ఖర్చెందుకండీ’’ అని అమ్మ నవ్వింది కూడా.

తర్వాత కొన్నాళ్లకి ఆ సైట్ మూతపడింది. అక్క నాలుగు కంప్యూటర్లు మార్చింది. ఇళ్లు మారడంలో కాగితం ఉత్తరాలు ఎక్కడో పోయాయి. 2015లో నాన్నే వెళ్లిపోయారు. ఆయన రాతలన్నింటిలోకీ మిగిలింది ఆ సీడీ ఒక్కటే!

ఊళ్లో మా ఇంట్లో మేడ మీదకెక్కితే తప్ప సిగ్నల్ రాదు. ‘అయితేనేం, పేజీలు మన దగ్గరే ఉన్నాయిగా, నెట్‌తో పనేముంది’ అనుకుని ధీమాగా కూర్చున్నా. అరగంటలో అయిపోతుందనుకున్న పని రెండు రోజులు పట్టింది. మూడుచోట్ల దెబ్బతిన్నాక గానీ దారి దొరకలేదు. ఆ దెబ్బలు మీకు తగలకూడదనే ఈ వారం ఈ ముచ్చట.

దాచుకోవడం ఎందుకు?

‘ఈ రోజుల్లో అంతా నెట్లోనే ఉంటుంది కదా, దాచుకోవడం దేనికి’ అంటారా? నెట్లో ఉన్నదంతా ఎప్పటికీ ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. ఒకప్పుడు జియోసిటీస్ అనే సేవలో లక్షలాది మంది సొంత పేజీలు పెట్టుకున్నారు. 1999లో దాన్ని యాహూ కొనుక్కుంది. 2009 అక్టోబరులో అమెరికాలో ఆ సేవను మూసేశారు. ఔత్సాహికులు కాపీ చేసి పెట్టినవి మిగిలాయి, మిగతావి పోయాయి. పాత పేజీల్ని భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి సంస్థలున్నాయి. మీ పాత పేజీ ఏదైనా పోతే ముందు అక్కడ వెతకడం మంచిదే. కానీ అన్నీ దొరకవు. పేజీ దొరికినా ఫొటోలు దొరకని సందర్భాలూ ఉంటాయి.

అందుకే మనకు ముఖ్యమైన పేజీ మన చేతిలో ఉండాలి. పిల్లల పాఠం కావచ్చు, అమ్మమ్మ ఊరి చరిత్ర కావచ్చు, డాక్టరు చదవమన్న ఆహార నియమాలు కావచ్చు. అయితే దాచుకోవడం వేరు, దాచుకున్నది తెరుచుకోవడం వేరు. అసలు కథ అక్కడే ఉంది.

మొదటి దెబ్బ: బొమ్మల్లేని పేజీ

ట్యాబ్‌కి సీడీ పెట్టే చోటుండదు. పక్కింటి అబ్బాయి పాత కంప్యూటర్లో సీడీ పెట్టి, టైప్-సి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని ట్యాబ్‌కి తగిలించాను. మొదటి పేజీ ఫైలు మాత్రం ట్యాబ్‌లోకి కాపీ చేసి తెరిచా. పేజీ వచ్చింది. మేనల్లుడి ఫొటో ఉండాల్సిన చోట విరిగిన బొమ్మ గుర్తు వెక్కిరించింది!

కారణం చిన్నదే. వెబ్ పేజీని హెచ్‌టీఎంఎల్ ఫైలు అంటారు. అందులో అక్షరాలుంటాయి గానీ, సాధారణంగా బొమ్మలుండవు. ‘ఈ బొమ్మ ఫలానా ఫోల్డర్లో ఉంది, తెచ్చి ఇక్కడ పెట్టు’ అన్న చిరునామా మాత్రమే ఉంటుంది. పేజీ రంగులు, అమరిక చెప్పే ఫైళ్లు కూడా చాలాసార్లు విడిగానే ఉంటాయి. కంప్యూటర్లో కంట్రోల్, ఎస్ మీటలు కలిపి నొక్కి ‘వెబ్ పేజ్, కంప్లీట్’ అని సేవ్ చేస్తే ఒక ఫైలు, దాని పక్కనే అదే పేరుతో ఒక ఫోల్డరు వస్తాయి. ఈ రెండూ ఆలుమగల్లాంటివి. ఒకర్ని వదిలి ఒకర్ని తీసుకెళ్తే కాపురం సాగదు! ఫోల్డరు పేరు మార్చినా, చోటు మార్చినా అంతే సంగతులు.

జిప్ చేసి పంపిన పేజీలకూ ఇదే చిక్కు. జిప్ లోపలి నుంచే పేజీని తెరిస్తే బొమ్మలు రావు. ముందు ‘ఎక్స్‌ట్రాక్ట్’ కొట్టి మొత్తం బయటికి తీయాలి. ఆ తర్వాతే తెరవాలి.

రెండో దెబ్బ: ఫోల్డరున్నా రాదే!

సరే, ఈసారి ఫైలునీ ఫోల్డరునీ కలిపి కాపీ చేశా. ట్యాబ్‌లో ఫైల్ మేనేజర్ తెరిచి పేజీని తాకితే బ్రౌజర్లో తెరుచుకుంది. బొమ్మలు మళ్లీ సున్నా! పక్కనే ఫోల్డరు కళ్లెదుట కనిపిస్తూనే ఉంది. కంప్యూటర్లో చక్కగా కనిపించిన పేజీకి ట్యాబ్‌లో ఏమైంది?

ఇది ఆండ్రాయిడ్ పద్ధతి. మనం ఫైల్ మేనేజర్లో ఒక ఫైలుని తాకితే, అది ఆ ఒక్క ఫైలుని చూసే అనుమతి మాత్రమే బ్రౌజర్‌కి ఇస్తుంది. వచ్చిన చుట్టానికి ముందుగది చూపించి, పక్క గదికి తాళం వేసినట్టన్నమాట. బొమ్మలున్నది ఆ పక్క గదిలోనే!

పాత ట్యాబ్‌లలో దీనికో చిట్కా ఉండేది. బ్రౌజర్ చిరునామా గడిలో ‘ఫైల్’ అని ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్, మూడు ఏటవాలు గీతలు, ఆపైన ‘ఎస్‌డీకార్డ్’ అని టైపు చేస్తే లోపలి ఫోల్డర్లన్నీ కనిపించేవి. అక్కణ్నుంచి పేజీ తెరిస్తే బొమ్మలూ వచ్చేవి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి ఒక యాప్ ఇంకో యాప్ ఫైళ్లలోకి తొంగిచూడకుండా నిబంధనలు బిగించారు. మన ఫొటోలు, కాగితాల భద్రతకు అది మంచిదే. కానీ దాంతో పాత చిట్కా కొత్త ట్యాబ్‌లలో చాలాచోట్ల పనిచేయడం మానేసింది. మీది పాత ట్యాబ్ అయితే ఒకసారి ప్రయత్నించి చూడండి, పోయేదేం లేదు.

ఐప్యాడ్‌లోనూ ఇబ్బంది ఇలాంటిదే. ఫైల్స్ యాప్‌లో పేజీని తాకితే అది చూపిస్తుంది గానీ, అది మచ్చుకు చూసుకోవడానికి పెట్టిన కిటికీ మాత్రమే, పూర్తి బ్రౌజర్ కాదు.

మరి దారేమిటి? పక్క గదితో పనే లేకుండా చేయడం. అంటే బొమ్మల్ని, రంగుల్ని, అమరికని అన్నింటినీ ఆ ఒక్క ఫైల్లోకే కుక్కేయడం. ఇందుకు కంప్యూటర్లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లకు ‘సింగిల్‌ఫైల్’ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ ఉంది. పేజీ తెరిచి దాని గుర్తు నొక్కితే చాలు, మొత్తం కలిపి ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దిగుతుంది. నాలాగా కంప్యూటర్లో ముందే ఉన్న పేజీల మీద వాడాలంటే మాత్రం, క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల సెట్టింగ్స్‌లో దానికి ‘ఫైల్ యూఆర్ఎల్స్’ చూసే అనుమతి ఇవ్వాలి. అలా చేసిన ఫైలుని ట్యాబ్‌లోకి పంపి తాకితే... ఇరవై ఏళ్ల నాటి మేనల్లుడు బోసినవ్వుతో ప్రత్యక్షం! వాడిప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు లెండి.

క్రోమ్‌లో ‘వెబ్ పేజ్, సింగిల్ ఫైల్’ అని ఇంకో ఎంపిక కనిపిస్తుంది. అది ఎంహెచ్‌టీఎంఎల్ అనే వేరే రకం ఫైలు. అన్నీ ఒకేచోట ఉంటాయి గానీ దాన్ని సఫారీ, ఫైర్‌ఫాక్స్ తమంతట తాము తెరవలేవు. ట్యాబ్ మారితే ఇబ్బంది పడొచ్చు. పదేళ్లు ఉండాలనుకుంటే దాని జోలికి పోకపోవడమే మేలు.

మూడో దెబ్బ: తెలుగేదీ?

ఫొటోలు వచ్చాయి. ఇక ఉత్తరాలు. తెరిస్తే తెలుగు ముక్క ఒక్కటి లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న గుర్తులు, వాటి మధ్య బ్రాకెట్లు... చీమలు సిరాలో మునిగి కాగితం మీద నడిచినట్టుంది. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసి, ‘‘మీ నాన్న దస్తూరి ఇంతకన్నా నయం’’ అంది.

ఇది 2000ల నాటి తెలుగు పేజీల్లో చాలావాటికి తగిలే చిక్కు. ఇప్పుడు మనం ఫోన్లలో కొట్టే తెలుగు యూనికోడ్. అందులో ‘అ’ అంటే ఏ దేశంలో ఏ యంత్రంలోనైనా ‘అ’నే. అప్పట్లో అలా కాదు. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ఆకారాలు దూర్చిన ఫాంట్లు వాడేవాళ్లు. ఒక్కో పత్రికకి, ఒక్కో సైట్‌కి ఒక్కో ఫాంట్. ఆ ఫాంటుంటే తెలుగు, లేకపోతే పిచ్చిగీతలు!

కంప్యూటరైతే ఆ ఫాంట్ వేసుకోవచ్చు. ట్యాబ్‌లో అదంత తేలిక కాదు. అసలు అక్క వాడిన ఫాంట్ ఎక్కడ దొరుకుతుంది? అక్కకి ఫోన్ చేస్తే ‘‘దాని పేరే గుర్తులేదురా’’ అంది. అర్ధరాత్రి దాకా వెతికి, చివరికి సీడీనే మళ్లీ మొత్తం తిరగేశా. అడుగున ఒక చిన్న ఫోల్డర్. అందులో ఒకే ఒక్క ఫాంట్ ఫైలు. పాలకొల్లు నెట్ సెంటర్ కుర్రాడు ఎవరో గానీ, ముందుచూపుతో అదీ ఎక్కించాడు. అతనెక్కడున్నా చల్లగా ఉండాలి!

ఆ తర్వాత పని సులువే. కంప్యూటర్లో ఫాంట్ మీద రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ చేశా. ఉత్తరాల పేజీలు తెరిస్తే తెలుగు వచ్చింది. వాటిని ప్రింట్‌లోకి వెళ్లి ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ చేశా. పీడీఎఫ్‌గా మారేటప్పుడు అక్షరాల ఆకారాలు కూడా అందులోకే వెళ్లిపోతాయి. ఇక ఏ ట్యాబ్‌లో తెరిచినా, ఫాంట్ ఉన్నా లేకున్నా తెలుగు తెలుగుగానే కనిపిస్తుంది.

యూనికోడ్‌లో ఉన్న కొత్త పేజీలు కూడా ఒక్కోసారి పిచ్చిగీతలుగా తెరుచుకుంటాయి. నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ‘ఎ’, పక్కనే చిన్న సున్నా పదేపదే కనిపిస్తే ఫాంట్ తప్పు కాదని గుర్తు. ఆ పేజీ ఏ లిపి పద్ధతిలో ఉందో బ్రౌజర్‌కి తెలియలేదన్నమాట. విండోస్ నోట్‌ప్యాడ్‌లో ఆ ఫైలు తెరిచి, ‘సేవ్ యాజ్’లో ఎన్‌కోడింగ్ దగ్గర ‘యూటీఎఫ్-8 విత్ బీఓఎం’ ఎంచుకుని సేవ్ చేయండి. తెలుగు తిరిగొస్తుంది.

కొత్తగా దాచుకోవాలంటే...

మీ దగ్గర పాత సీడీలు లేకపోవచ్చు. ఈరోజు చూసిన పేజీని రేపు నెట్ లేని చోట చదువుకోవాలంటే ఇంత శ్రమ అక్కర్లేదు.

ఆండ్రాయిడ్ ట్యాబ్: క్రోమ్‌లో పేజీ తెరిచి, పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కండి. కిందికి చూసే బాణం గుర్తు తాకితే పేజీ దిగుతుంది. మళ్లీ చూడాలంటే అవే మూడు చుక్కలు నొక్కి ‘డౌన్‌లోడ్స్’లోకి వెళ్లాలి. ఎన్నాళ్లో ఉండాలనుకునే పేజీనైతే ‘షేర్’లో ‘ప్రింట్’కి వెళ్లి పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోండి.

ఐప్యాడ్: సఫారీలో ‘రీడింగ్ లిస్ట్’కి చేర్చుకుంటే నెట్ లేకుండా చదువుకోవచ్చు. అయితే సఫారీ సెట్టింగ్స్‌లో ఆఫ్‌లైన్‌గా దాచే ఎంపిక ఆన్ చేసి ఉండాలి. శాశ్వతంగా కావాలంటే ‘షేర్’ నొక్కి, పైన కనిపించే ‘ఆప్షన్స్’లో పీడీఎఫ్ ఎంచుకుని ‘సేవ్ టు ఫైల్స్’ కొట్టండి.

పిల్లల చదువుకి: ‘కివిక్స్’ అనే ఉచిత యాప్ ఉంది. 2007లో మొదలైంది. వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దించుకుని నెట్ లేకుండా చదువుకునే వీలు కల్పిస్తుంది. తెలుగు వికీపీడియా కూడా దొరుకుతుంది. బొమ్మలతో సహా మొత్తం ఇంగ్లిష్ వికీపీడియా అయితే వంద జీబీకి పైనే ఉంటుంది. ట్యాబ్‌లో చోటు చూసుకుని దిగండి!

పెద్దవాళ్లకి ఒక్క తాకుడే!

పేజీ ట్యాబ్‌లో ఉంటే సరిపోదు, అమ్మ చేతికి అందాలి. ఫైల్ మేనేజర్ తెరువు, డౌన్‌లోడ్స్‌లోకి వెళ్లు, కిందికి జరుపు... అని చెబితే రెండోరోజుకే ట్యాబ్ బీరువా ఎక్కుతుంది. కొన్ని ట్యాబ్‌లలోని ఫైల్ మేనేజర్లో ఫైలుని నొక్కి పట్టుకుంటే ‘హోం స్క్రీన్‌కి చేర్చు’ అన్న ఎంపిక ఉంటుంది. అది వాడుకుంటే తెర మీదే గుర్తు వచ్చేస్తుంది. తాకితే పేజీ వస్తుంది. ఆ ఎంపిక లేకపోతే ఫైల్ మేనేజర్ గుర్తు ఒక్కటే తెర మీద ఉంచి, మిగతావి పక్కకి జరపండి. ఫైలు పేరు కూడా మనుషులు చదివేలా తెలుగులో పెట్టండి. మా ఇంట్లో దాని పేరు మళ్లీ ‘అమ్మాయి పేజీలు’.

ఇవి మరవొద్దు

* దాచుకున్న పేజీ ఆ రోజు తీసిన ఫొటో లాంటిది. తర్వాత అసలు పేజీలో ఏం మారినా ఇందులో మారదు. పరీక్షల తేదీలు, బస్సు వేళలు, మందుల సూచనలు లాంటివి మళ్లీ ఒకసారి సరిచూసుకోవాల్సిందే.

* వీడియోలు, వెతికే గడులు, పాస్‌వర్డ్ అడిగే పేజీలు ఇలా దాచుకుంటే పనిచేయవు. బ్యాంకు వివరాలున్న పేజీల్ని ట్యాబ్‌లో దాచకపోవడమే క్షేమం.

* దాచిన పేజీలు చూపించే యాప్‌లు స్టోర్లలో చాలా ఉన్నాయి. ఫోల్డరు చూసే అనుమతి అడిగితే అర్థముంది. కాంటాక్టులు, మెసేజ్‌లు కూడా అడిగితే దణ్ణం పెట్టి వచ్చేయండి.

* ఎవరో రాసిన పేజీని ఇంట్లో చదువుకోవడం వేరు, మన పేరుతో పంచిపెట్టడం వేరు.

* ఒక్కచోటే దాచొద్దు. సీడీ మీద గీత పడొచ్చు, పెన్‌డ్రైవ్ పోవచ్చు, ట్యాబ్ చేయి జారొచ్చు. కనీసం రెండు చోట్ల ఉంచండి. ఏడాదికోసారి, సంక్రాంతికి అటక దులిపినట్టు, తెరిచి చూసుకోండి.

ఇంతకీ అమ్మ సంగతి చెప్పలేదు కదూ! రెండోరోజు సాయంత్రం ట్యాబ్ చేతికిచ్చా. అక్షరాలు పెద్దవి చేసుకుని ఒక్కో ఉత్తరం చదివింది. 2004 నాటి ఉత్తరం ఒకటి రెండుసార్లు చదివింది. అందులో నాన్న రాశారు, ‘మొన్న మీ అమ్మ పనసపొట్టు కూర చేసింది. నువ్వు గుర్తొచ్చి సరిగ్గా తినలేకపోయాను’ అని.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు. కాసేపయ్యాక కొంగుతో ట్యాబ్ తుడుస్తూ అంది...

‘‘ఆ రోజు కూరలో ఉప్పెక్కువైందిరా. అందుకే తినలేదు. ఆ మాట మాత్రం కూతురికి రాయలేదు చూశావా మీ నాన్న!’’

మీ ఇంట్లోనూ ఏదో బీరువాలో ఓ సీడీ ఉండే ఉంటుంది. ఈ ఆదివారం ఒకసారి వెతకండి.